తునకలకు చిరునామా

పార్సిల్ మీద రెండు చిరునామాలు ఉంటాయి. ఒకటి చేరవలసినవారిది, పెద్దక్షరాల్లో. ఇంకొకటి పంపినవారిది, ఒక మూలకు, చిన్నగా. డబ్బా విప్పే తొందరలో మనం ఆ మూలను చూడనైనా చూడం. తిండి పార్సిల్ విషయంలో మాత్రం ఆ మూలన ఉన్న పేరుకే బరువెక్కువ. ఎవరింటి వంట, ఎవరి చెయ్యి పడింది, ఏ ఊరు, ఏ వాడ అన్నవి అడగకుండానే అక్కడ తెలిసిపోతాయి.

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో తరతరాలుగా చేసుకుంటున్న ఒక తిండి ఉంది. బరువు తక్కువ, చెడిపోదు, కారదు, పగలదు. నిప్పుల మీద వేసి కాల్చుకుంటే అయిపోయె. పోస్టులో పంపడానికి ఇంతకంటే అనువైనది మన వంటిళ్లలో ఇంకోటి లేదు. అయినా ఇన్నేళ్లలో అది పార్సిల్ సరుకు కాలేదు. దాని పేరు ఒట్టి తునకలు. కొన్నిచోట్ల ఎండు తునకలు అంటరు. కోస్తా, రాయలసీమ దిక్కున ఉప్పుకండలు అనే పేరూ ఉంది. మామిడికాయ తొక్కు అమెరికా దాకా పోయి, తునకలు వాడ దాటకపోవడం వెనక ఏం జరిగిందో చూద్దామని ఈ వ్యాసం.

*

ముందు మందులు పోయాయి

బ్రిటిష్ ఇండియా తపాలా శాఖ 1877లో వీపీపీ పద్ధతి తెచ్చింది. 1880లో మనియార్డరు వచ్చింది. ఈ రెండూ కలిసి చేసిన పని చిన్నది కాదు. అంతకుముందు సరుకు కొనాలంటే అమ్మేవాడి ముఖం చూడాలి, లేదా అతణ్ణి ఎరిగినవాడెవరన్నా మధ్యలో ఉండాలి. వీపీపీలో ఆ మధ్యవర్తి పోస్ట్‌మన్ అయ్యాడు. కట్ట తెచ్చి చేతికిచ్చి, డబ్బు వసూలు చేసి, అమ్మినవాడికి పంపించేవాడు. వద్దంటే కట్ట తిరిగి పోయేది. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరి మధ్య బేరం కుదిరేది.

ఈ దారిని బాగా వాడుకున్న తెలుగువాళ్లలో మందులవాళ్లు ముందున్నారు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బే తర్వాత ఆంధ్రపత్రికకు ఆసరా అయింది. మద్రాసులో కె.ఎన్. కేసరి కేసరి కుటీరం పెట్టి లోధ్ర అమ్మారు. 1928లో గృహలక్ష్మి పత్రిక నడపడం మొదలుపెట్టారు. మందూ పత్రికా జతగా సాగిన కాలం అది. పత్రికలో ప్రకటన, ప్రకటన కింద చిరునామా, చిరునామాకు ఒక కార్డు, కార్డుకు జవాబుగా వీపీపీ. పాత పత్రికల పేజీలు తిరగేస్తే మందులు, పుస్తకాలు కుప్పలుగా కనబడతాయి. వండిన తిండి ప్రకటన మాత్రం నేను చూసినంతలో అరుదు.

తిండి చెడిపోతుంది కదా అంటారు. నిజమే గానీ, ఊరగాయ అంత తొందరగా చెడిపోదు. అసలు అడ్డు ఇంకొకటి ఉండేది. మందు సీసాకు మైల అంటదు. ఎవరు నూరారు, ఎవరు సీసాల్లో పోశారు అని ఎవరూ అడగరు. తిండికి ఆ వెసులుబాటు లేదు. ఎవరి చేతి నీళ్లు తాగాలి, ఎవరి చేతి అన్నం తినాలి అన్న లెక్కల మీద నిలబడిన సమాజంలో ముఖం తెలియనివాళ్ల వంట పోస్టులో తెప్పించుకోవడం అంత తేలికగా జరిగే పని కాదు.

మన దిక్కు సంగతి కొంచెం వేరు. నిజాం రాజ్యానికి సొంత తపాలా ఉండేది. 1869 నుంచి సొంత స్టాంపులు. 1950లో అది భారత తపాలా శాఖలో కలిసిపోయింది. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చాక నల్లగొండకు 508001, మహబూబ్‌నగర్‌కు 509001 దక్కాయి. పటంలో చోటైతే దొరికింది. కానీ ఈ నంబర్ల నుంచి బయటికి ఏం పోయింది?

*

తునకలు చేసే తీరు

మొదట కూరను సన్నగా, పొడుగ్గా కోస్తరు. ముక్కలు కాదు, పేలికలు. దళసరిగా ఉంటే లోపల తడి నిలిచి కుళ్లుతుంది. ఉప్పు, పసుపు పట్టించి, కొందరు కారం కూడా రాసి, ఒక పూట ఉంచుతరు. ఆ తర్వాత తాడు మీద బట్టలు ఆరేసినట్టు ఆరేస్తరు. మూడు నాలుగు రోజుల ఎండ కావాలి. కాకులను, కుక్కలను అదిలించడానికి ఒక పోరడో ముసలమ్మో కట్టె పట్టుకొని కూర్చోవాలి. రాత్రి మంచు పడకుండా లోపలికి తెచ్చుకోవాలి. ఎండినంక కుండలో పెట్టి మూతి కడతరు, లేదంటే పొయ్యి పైన ఉట్టి మీద వేలాడదీస్తరు. రోజూ తగిలే కట్టెల పొగే దానికి కాపలా.

తినేటప్పుడు రెండు దారులు. ఒకటి, నిప్పు కణికల మీద పెట్టి కాల్చి, రోట్లో దంచి, పేగుల్లాగ విడిపోయిన ఆ పోగులను జొన్నరొట్టెలోకో గట్కలోకో తినడం. రెండోది, నానబెట్టి పుంటికూరతోనో చింతకాయతోనో దోసకాయతోనో వండడం. పుల్లటిది తోడైతే ఎండిన కూర మెత్తబడుతుంది, ఉప్పు కూడా అణుగుతుంది. పిడికెడు తునకలు ఇంటిల్లిపాదికి కూర అవుతాయి.

ఇందులో ఉన్న శాస్త్రం సులువైనది. పచ్చి మాంసంలో నాలుగింట మూడొంతులు నీరే. ఆ నీరుంటేనే సూక్ష్మజీవులు బతుకుతాయి. ఉప్పు కొంత లాగేస్తుంది, ఎండ ఇంకొంత, పొగ పైపైన పొరలా పడుతుంది. కిలో కూర ఎండితే మూడు వందల గ్రాములు అటూ ఇటూ మిగులుతుంది. దక్షిణ అమెరికాలో క్వెచువా భాషవాళ్లు ఇలాంటిదాన్నే చార్కీ అన్నారు. ఇంగ్లీషులో జెర్కీ అన్న మాట అక్కడినుంచే పుట్టింది. దక్షిణాఫ్రికాలో బిల్టాంగ్ ఉంది. ఐస్ లేని చోట, ఒక్కసారే ఎక్కువ కూర చేతికొచ్చే చోట మనుషులు ఎక్కడైనా ఇదే దారి కనిపెట్టారు.

మన దగ్గర ఎక్కువ కూర ఒక్కసారే చేతికొచ్చేది ఎవరికి? దొరల, పటేళ్ల కొట్టంలో గొడ్డు సచ్చిపోతే దాన్ని ఈడ్చుకపోవలసిన బాధ్యత మాదిగలది. తోలు తీసి, ఊనించి, మోటకు తొండమో బొక్కెనో చేసివ్వాలి, చెప్పులు కుట్టివ్వాలి. వెట్టిలో భాగం అది. గొడ్డు కూర ఆ చాకిరీకి దొరికే కూలి. ఒక్కరోజులో తినలేనంత కూర, తిండి దొరకని నెలలు ఎన్నో. ఈ రెంటి మధ్య లెక్క సరిచేసింది తునకలు. పాలమూరు లాంటి కరువు నేలలో అది వేసవికి దాచుకున్న గింజలాంటిది. ఎండబెట్టే తెలివి ఆడవాళ్లది. ఎంత సన్నగా కొయ్యాలి, ఎప్పుడు ఉప్పు చాలు, ఏ వాసన వస్తే పారెయ్యాలి అన్నది వాళ్లకే తెలుసు. ఎవరూ రాసుకోలేదు.

*

వద్దన్నవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు

తునకలను ఊరు అసహ్యించుకుంది, వాడ కాపాడుకుంది అని రాసేస్తే కథ చక్కగా ఉంటుంది. చరిత్ర అంత సాఫీగా లేదు. 1927 మార్చిలో మహాడ్ సభలో అంబేడ్కర్ చచ్చిన పశువు మాంసం తినడం మానెయ్యమని పిలుపునిచ్చారు. 1906లో హైదరాబాద్‌లో జగన్ మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ ఆది హిందువుల మధ్య మద్యం, మాంసం మాన్పించే ప్రచారం కూడా చేశారు. వాళ్ల ఆలోచనను తప్పుపట్టలేం. చచ్చిన గొడ్డు కూర వెట్టికి కట్టిన తాడు లాంటిది. ఆ కూర వద్దంటే ఆ చాకిరీ వద్దన్నట్టే. 1948లో రాసిన పుస్తకంలో అంబేడ్కర్ అంటరానితనం మూలాలను గొడ్డు మాంసం తినడంతోనే ముడిపెట్టి వివరించారు.

అయితే వదిలేయమన్నప్పుడు చచ్చిన గొడ్డు, కోసిన గొడ్డు అన్న తేడా నిలబడలేదు. చదువుకున్న ఇళ్లలో రెండూ కలిసి సిగ్గుగా మారాయి. వాసన రాకుండా కిటికీలు మూసుకుని వండటం అలవాటైంది. భాష కూడా సర్దుకుంది. గొడ్డుకూర అన్న మాట పోయి పెద్దకూర వచ్చింది. ఎదురుతిరుగుడు చాలా కాలానికి మొదలైంది. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్సిటీలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెడితే గొడవలు అయ్యాయి. 1927లో మానెయ్యడం ఆత్మగౌరవం, 2012లో బహిరంగంగా తినడం ఆత్మగౌరవం. రెండూ ఒకే ప్రశ్నకు జవాబులే: నా కంచంలో ఏముండాలో ఎవరు చెప్పాలి?

సాహిత్యంలో ఈ కంచం కనబడింది. నల్లగొండ మాదిగ వాడ నుడికారంతో వేముల ఎల్లయ్య రాసిన ‘కక్క’ నవల, తాండూరు దిక్కు పల్లెల నుంచి గోగు శ్యామల రాసిన కథలు చదివినవాళ్లకు వాడ వంటిల్లు కొత్త కాదు. పుస్తకంలోకి వచ్చింది గానీ బజారులోకి రాలేదు.

*

బస్సు కింద డిక్కీలో

బజారులోకి రాలేదు అన్నానే గానీ, ప్రయాణం చెయ్యలేదని కాదు. పాలమూరు లేబర్ తిరగని చోటు లేదు. డ్యాములు, కాలువలు, రోడ్లు, బొంబాయిలో మేడలు. 2003లో పాలగుమ్మి సాయినాథ్ ‘ది హిందూ’లో మహబూబ్‌నగర్ నుంచి ముంబై పోయే బస్సు గురించి రాశారు. పదేళ్ల కింద వారానికి ఒక్క బస్సు ఉండేదట. ఆయన రాసేనాటికి వారానికి 34. ఆ బస్సుల్లో మనుషులతో పాటు మూటలు పోయేవి. జొన్నలు, కారం, తొక్కులు, కొన్ని మూటల్లో తునకలు. నెలల తరబడి రేకుల షెడ్డులో ఉండే కుటుంబానికి ఫ్రిజ్ అక్కర్లేని కూర అది. డబ్బు చేతులు మారని, రసీదు లేని, ఏ లెక్కల పుస్తకంలోనూ ఎక్కని పార్సిల్ సర్వీస్ ఏళ్లపాటు అలా నడిచింది.

నా హాస్టల్ రోజుల్లోనూ అదే సర్వీస్. మా అమ్మ నల్లగొండ బస్‌స్టాండ్‌లో హైదరాబాద్ బస్సు డ్రైవర్‌కు ఒక స్టీలు డబ్బా ఇచ్చేది. డబ్బాలో తునకలు. డబ్బా చుట్టూ న్యూస్‌పేపర్, దాని మీద ప్లాస్టిక్ కవరు, దాని మీద ఇంకో కవరు, ఆ పైన బట్ట సంచి. కాగితం మీద నా పేరు, ఫోన్ నంబర్, కింద ‘చింతకాయ తొక్కు’. “తొక్కు అని ఎందుకు రాసినవమ్మా?” అని ఫోన్‌లో అడిగితే, “మరేం రాయాలె బిడ్డా? ఆయన బస్సుల పెట్టుకోవద్దా?” అన్నది. అందులో కోపం లేదు, బాధ కూడా లేదు. అన్నం వార్చినంత మామూలుగా అన్నది.

ఆ డబ్బా మీద చేరవలసిన చిరునామా సరిగ్గా ఉంది. పంపినవారి పేరూ ఉంది. సరుకు పేరే మారిపోయింది.

*

తొక్కు గెలిచింది

ఈలోపల పచ్చళ్ల కథ ఎక్కడికో పోయింది. 1980లో రామోజీరావు ప్రియా పచ్చళ్లు మొదలుపెట్టారు. ఊరగాయ ఫ్యాక్టరీ సరుకైంది. దానికి ఎదురుగా, ఇంటి రుచి పేరుతో వీధి వీధికి స్వగృహ దుకాణాలు లేచాయి. ఆవకాయ, గోంగూర, పొడులు, అరిసెలు, సున్నుండలు తూకం వేసి, అక్కడే కొరియర్ ప్యాకింగ్ చేసి, అమెరికా అల్లుడికీ ఆస్ట్రేలియా బిడ్డకీ పంపిస్తారు. పేర్లు గమనించండి. అగ్రహారం, అమ్మమ్మ, బామ్మ, గోదావరి. ముఖం తెలియనివాళ్ల వంట మీద నమ్మకం కుదిర్చే పనిని వీపీపీ రోజుల్లో పోస్ట్‌మన్ చేస్తే, ఇప్పుడు ఈ పేర్లు చేస్తున్నాయి. ఇది మడిగా చేసిన చెయ్యి సుమా అని చెప్పకుండా చెబుతాయి.

2014లో రాష్ట్రం వచ్చాక తెలంగాణ తిండికీ ఒక గౌరవం వచ్చింది. సకినాలు, గారెలు, సర్వపిండి కొరియర్ ఎక్కాయి. మంచిదే. ఆ గౌరవం ఏ వీధి దాకా వచ్చి ఆగిందో కూడా చూడాలి.

మాంసం కాబట్టి ఆగింది అంటారా? కోడి పచ్చడి, రొయ్య పచ్చడి, మటన్ పచ్చడి ఇవాళ ఇంటింటి వాట్సాప్ వ్యాపారం. హలీం సంగతి ఇంకా స్పష్టం. రాత్రంతా భట్టీ మీద ఉడికే గోధుమ, మాంసం వంటకం అది. 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది, మన దేశంలో మాంసం వంటకానికి అలాంటి గుర్తింపు రావడం అదే మొదలు. పిస్తా హౌస్ వాళ్లు గతి సంస్థతో కలిసి హైదరాబాద్ హలీంను ఇతర నగరాలకు పంపించారు. నీళ్లూ నెయ్యీ నిండిన, గంటల్లో చెడిపోయే హలీం విమానం ఎక్కింది. చుక్క తడి లేని తునకలు మాత్రం డిక్కీలో దొంగ పేరుతో పోయాయి. కాబట్టి అడ్డు చెడిపోవడం కాదు, మాంసమూ కాదు. ఏ మాంసం, ఎవరి చెయ్యి అన్నదే.

కాల్చిన మాంసం పోస్టులో అమ్మడం అమెరికాలో పెద్ద వ్యాపారం. అక్కడ 1913 జనవరి 1న పార్సిల్ పోస్ట్ మొదలైంది. మరుసటి ఏడాదే రైతు ఇంటి సరుకు నేరుగా పట్నం వంటింటికి చేరేలా తపాలా శాఖ ప్రచారం చేసింది. ఇప్పుడైతే టెక్సస్‌లో పొగబెట్టిన మాంసం ఐస్ పెట్టెలో దేశం ఆ కొస దాకా పోతుంది. ఆ బార్బెక్యూ గుంతల దగ్గర బానిసత్వ కాలం నుంచి నిలబడి, పొగ మింగి, పని నేర్చి, నేర్పినవాళ్లలో నల్లజాతివాళ్లు ముందువరసలో ఉన్నారు. పేరు, టీవీ కార్యక్రమాలు, బహుమతులు వచ్చేసరికి వాళ్లను వెనక్కి నెట్టారని ఏడ్రియన్ మిల్లర్ 2021లో ‘బ్లాక్ స్మోక్’ అన్న పుస్తకమే రాశారు. మన కథకు అది అచ్చంగా అద్దం కాదు. అక్కడ తిండి బజారుకెక్కింది, చేసినవాళ్ల పేరు పోయింది. ఇక్కడ ఇంకా తిండే బజారుకెక్కలేదు. ఎక్కే రోజు వచ్చినప్పుడు ఎవరి పేరుతో ఎక్కుతుందన్నది మన ముందున్న ప్రశ్న.

*

ఇప్పుడు దారి ఉంది

2016లో దళిత మేధావి చంద్రభాన్ ప్రసాద్ ‘దళిత్ ఫుడ్స్’ పేరుతో ఆన్‌లైన్ అమ్మకం మొదలుపెట్టారు. మామిడి పచ్చడి, పసుపు, ధనియాల పొడి లాంటివి. సరుకులో విశేషం లేదు, డబ్బా మీది పేరులోనే ఉంది. దళితుల చేతి తిండి డబ్బు పెట్టి కొంటారా అని మార్కెట్‌ను సూటిగా అడిగిన పేరు అది. పంపినవారి మూలను పెద్దక్షరాల్లో రాయడం అంటే అదే.

తెలంగాణలో సాధనాలు కూడా దగ్గరికొచ్చాయి. 2020 జూన్‌లో ఆర్టీసీ సొంతంగా కార్గో, పార్సిల్ సర్వీస్ పెట్టింది. డ్రైవర్‌ను బతిమిలాడే పని లేదు. రసీదు ఉంటుంది. ఆహార భద్రతా సంస్థ 2011లో తెచ్చిన నిబంధనల్లో, ఏడాదికి 12 లక్షల లోపు అమ్ముకునేవాళ్లకు పెద్ద లైసెన్సు అక్కర్లేకుండా రిజిస్ట్రేషన్‌తో సరిపోయే ఏర్పాటు పెట్టారు, అప్పటి రుసుము ఏడాదికి వంద రూపాయలు. హైదరాబాద్ శివారు చెంగిచెర్లలో 1999లో మొదలైన జాతీయ మాంస పరిశోధన సంస్థ మాంసంతో చేసే పదార్థాల తయారీలో శిక్షణ ఇస్తుంది. గొర్రెల సంఖ్యలో 2019 పశుగణన నాటికి తెలంగాణదే దేశంలో మొదటి స్థానం. యాట కూరకు కొదువ లేదు.

గొడ్డు కూర సంగతి వేరు. 1977 నాటి చట్టం ఆవులను, దూడలను కొయ్యడం నిషేధించింది. ఎద్దు, దున్న లాంటివాటికి ధ్రువపత్రం కావాలి. చట్టం ఒప్పినదాన్ని కూడా రోడ్డు మీద గుంపులు ఆపి అడిగే రోజులివి. అందుకే బయటికి అమ్మేవాళ్లు యాట తునకలకే పరిమితం అవుతున్నారు. దీన్ని పరిష్కారం అనలేను. తునకలను పుట్టించిన కూరను ఇంట్లో వదిలేసి, దాని పద్ధతిని మాత్రం బయటికి పంపుతున్నాం. ఆ కొరత తెలిసే ముందుకు పోవాలి.

విదేశాల దారి కూడా మూసే ఉంది. గాలికుంటు వ్యాధి భయంతో అమెరికా మన దేశపు మాంసాన్ని, ఎండబెట్టినదైనా సరే, రానివ్వదు. బ్రిటన్‌లోనూ సూట్‌కేసులో పెట్టుకుపోవడానికి వీల్లేదు. కాబట్టి ఎన్నారై డాలర్ల మీద ఆశ పెట్టుకోకుండా ఈ వ్యాపారం హైదరాబాద్, బెంగళూరు, ముంబై మీదే నిలబడాలి.

నిలబడుతుందా? లెక్క వేద్దాం. యాట కూర కిలో 800 అనుకుందాం. ఎండితే మూడు వందల గ్రాములు. అంటే వంద గ్రాముల తునకల్లో కూర ఖర్చే 267 దాకా. పొట్లం 300కు అమ్మితే మిగిలేది 33. అందులోంచే ఉప్పు, పసుపు, కవరు, కార్గో, నాలుగు రోజుల కాపలా. 400 అంటే కొనేవాడు నోరు తెరుస్తాడు. కోడి పచ్చడిలో నూనె, మసాలా కూడా తూకానికి వస్తాయి. తునకల్లో నీరు పోతుంది, తూకం పోతుంది, కష్టం మిగులుతుంది. వంద గ్రాములు నలుగురికి కూర అవుతుందని కొనేవాడికి తెలియాలి. అది తెలియజెప్పడం కూడా వ్యాపారంలో భాగమే.

ఇంకో జాగ్రత్త. ఇంటి వాడకం వేరు, అమ్మకం వేరు. ముసురు పట్టిన రోజు ఆరేసిన కూర పైకి ఎండినట్టుండి లోపల తడి దాచుకుంటుంది. జెర్కీ చేసేవాళ్లు ఎండబెట్టడానికి ముందే మాంసాన్ని 71 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చెయ్యాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. ఇంట్లో మన వాళ్లు నిప్పుల మీద కాల్చి గానీ ఉడికించి గానీ తినకపోవడం అంటూ లేదు, అదే ఇన్నాళ్లూ కాపాడింది. పొట్లంలో పెట్టి అమ్మినప్పుడు కొనేవాడు చిప్స్‌లాగ నోట్లో వేసుకోవచ్చు. కాబట్టి సోలార్ డ్రయ్యరో, ఓవెనో, కనీసం ‘కాల్చి తినవలెను’ అన్న మాటో తప్పదు. వారసత్వం అన్న మాట బూజును ఆపదు.

*

డబ్బా మీద ఏం రాయాలె?

దేవరకొండ దిక్కున ఒకామె నాకు తెలుసు. మహిళా సంఘంలో అప్పు తీసుకొని కోడి తొక్కు, యాట తునకలు చేసి కార్గోలో హైదరాబాద్ పంపుతుంది. తొక్కు డబ్బాకు రంగుల స్టిక్కర్ ఉంది. తునకలు ఉత్త కవర్లో పోతున్నయి.

“అక్కా, దీని మీద ఏం రాస్తలేవేంది?” అని అడిగాను.

“ఏం రాయాలె తమ్మీ? ఎరుకున్నోళ్లే తీస్కుంటరు. ఎరుక లేనోళ్లకు పేరు జెప్తె మూతి తిప్పుకుంటరు.”

రిజిస్ట్రేషన్ తీసుకుంటే ఉత్త కవరు కుదరదు. పదార్థం పేరు, అందులో వేసినవి, నికర బరువు, తేదీ, పద్నాలుగు అంకెల నంబరు, మాంసాహారమని చెప్పే గోధుమరంగు గుర్తు, తయారుచేసినవారి పేరు, పూర్తి చిరునామా అచ్చు వేయాలి. తునకల విషయంలో ఇన్నాళ్లూ దాచిన ప్రతి సంగతినీ చట్టం అడుగుతోంది. కాగితం పని అంటే విసుగు పుట్టే నాకు ఈ జాబితా మాత్రం నచ్చింది.

ఆమె కొడుకు హైదరాబాద్‌లో చదువుతున్నాడు. ‘సన్ డ్రైడ్ మటన్ జెర్కీ’ అని పెట్టుమంటున్నాడు. వాడి మాటలో పాయింటు ఉంది. జెర్కీ పేరుతో ప్రొటీన్ స్నాక్ అని అమ్మే ప్యాకెట్లను జిమ్ముకు పోయే పిల్లలు ఆలోచించకుండా కొంటున్నారు. అదే పిల్లలు తునకలు అనే మాట వింటే ఆగిపోవచ్చు. వాడికి అమ్మ కష్టం గిట్టుబాటు కావాలి, అంతే. పేరు కోసం బేరం పోగొట్టుకొమ్మని చెప్పే హక్కు దూరంగా కూర్చొని వ్యాసాలు రాసే నాకు లేదు.

నేను చెప్పింది ఒక్కటే. చార్కీ అన్న మాట కూడా ఒకప్పుడు కొండల్లో ఉండే మోటు మనుషుల మాటే. అమ్మి అమ్మి, తిని తిని ప్రపంచం దాన్ని నేర్చుకుంది, నాలుక తిరగక జెర్కీ చేసుకుంది. జొన్నరొట్టె పేరు మార్చకుండానే స్టార్ హోటల్ మెనూలోకి పోయింది. కొత్త మాట నేర్చుకునే కష్టం కొనేవాళ్లకు కూడా కొంచెం వదిలిపెట్టొచ్చు.

ఆమె విన్నది. ఔననలేదు, కాదనలేదు. “అచ్చు ఖర్చు ఎంతైతది?” అని అడిగింది. వెయ్యి స్టిక్కర్లు వేయిస్తే ఒక్కోటి చవకగా పడుతుందనీ, తక్కువ వేయిస్తే ధర ఎక్కువనీ చెప్పాను. కాసేపు లెక్కలు వేసుకుంది. రెండు పేర్లతో చెరి వంద వేయించి, ఏది ముందు అమ్ముడుపోతదో చూస్తానన్నది. ఒక దాని మీద పెద్దగా మటన్ జెర్కీ, కింద చిన్నగా తునకలు. ఇంకో దాని మీద పెద్దగా ఒట్టి తునకలు, కింద చిన్నగా యాట కూర. రెంటి మీదా చివర ఆమె పేరు, ఇంటి నంబరు, ఊరు, మండలం, జిల్లా నల్లగొండ, 508తో మొదలయ్యే పిన్‌కోడ్.